మూడు పడవలకీ ఒకే పిలుపు

గెడ్డమొగ రేవులో సూరాడ కొర్లయ్య అనే పడవల పెద్ద ఉండేవాడు, ఆయనకి తన వెనక వచ్చే తన నీడ మీద కూడా అనుమానమే.

చేపలు తూచేటప్పుడు ముందు తానే కాటా ఎక్కి నిలబడేవాడు. తన బరువు సరిగ్గా చూపిస్తేనే బుట్ట పెట్టనిచ్చేవాడు. ఐసు దిమ్మ కొంటే లోపల డొల్ల ఉందేమోనని వేళ్ళతో కొట్టి వినేవాడు. ఎవరైనా ఇద్దరు నవ్వుకుంటుంటే ఆపి, "నా గురించేనా?" అని అడిగేవాడు. అవునంటే కోపం వచ్చేది. కాదంటే అనుమానం ఇంకా పెరిగేది.

అలాగని ఆయన పనికిమాలినవాడు కాదు. రేవులో ఆయనంత సముద్రం తెలిసినవాడు లేడు. పెద్దగా చదువు లేదు. తన పడవ మీది పేరు చదవగలడు, తన పేరు గీకగలడు, అంతే. కానీ వలలో ఒక్క కన్ను తేడాగా ఉన్నా మొత్తం విప్పించి మళ్ళీ కట్టించేవాడు. మాట అంటే మాట. ఆయన ఊ అనకుండా పడవల సంఘంలో ఏ పనీ మొదలయ్యేది కాదు.

అదే రేవులో తెడ్డు పరశయ్య అని ఇంకో పడవవాడు ఉండేవాడు. కొర్లయ్యకి అతనంటే పడదు. ఇద్దరూ మంచి వయసులో ఉన్నప్పుడు కొర్లయ్యకి ఉత్తరాన సముద్రంలో ఒక రాళ్ళ చోటు దొరికింది. చేప అక్కడ గుంపు కట్టి ఉండేది. అలాంటి చోటు దొరికితే ఏ పడవవాడూ బయటికి చెప్పడు. కన్నకొడుక్కి మాత్రమే చెబుతాడు. పరశయ్య దొంగచాటుగా తన పడవ వెంటపడ్డాడని కొర్లయ్య అనేవాడు. దారి తప్పి అటు వచ్చానని పరశయ్య అనేవాడు. చోటు పరశయ్యకి దొరకనే లేదు. అయినా కొర్లయ్య కోపం పోలేదు. పరశయ్య ఎదురైతే తువ్వాలు దులిపి పక్కకి తిరిగేవాడు. జుట్టు నెరిసినా ఆ దులపడం మానలేదు.

కొర్లయ్యకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఎల్లాజీ, నడిమివాడు పోలయ్య, చిన్నవాడు దాసు. ముగ్గురికీ మూడు పడవలు. మూడింటి మీదా ఒకటే పేరు రాయించాడు, బంగారమ్మ అని. అది ఆయన తల్లి పేరు. ఆ రేవు ఆచారమే అంత. ఒక ఇంటి పడవలు ఎన్ని ఉన్నా ఆ ఇంటి పెద్దావిడ పేరే పెడతారు. సర్కారు అంకెలు పక్కన ఎక్కడో చిన్నగా ఉంటాయి గానీ వాటితో ఎవరూ పిలవరు.

గాలి లేచిన రోజుల్లో ఆ రేవులో పెద్ద బాధ ఉండేది. ఎవరి పడవ వచ్చింది, ఎవరిది ఇంకా రావాలి అన్నది తెలిసేది కాదు. ఆడవాళ్ళు ఒడ్డు పొడవునా పరుగెత్తుతూ కనిపించినవాళ్ళందరినీ అడిగేవారు. వెతకడానికి గస్తీ పడవ వచ్చినా, ఎవరి కోసం ఎటు వెళ్ళాలో చెప్పేవాడు ఉండేవాడు కాదు. అందుకని సంఘం వాళ్ళు ఒక వెబ్ పేజీ చేయిద్దామనుకున్నారు. పడవల పేర్లన్నీ అందులో ఉంటాయి. ఆఫీసు గోడకి పెద్ద టీవీ పెట్టి దాని మీద చూపిస్తారు. ఎవరి ఫోనులో వాళ్ళు కూడా చూసుకోవచ్చు. గస్తీ వాళ్ళు కూడా చూస్తారు.

ఆ పని వచ్చిన మనిషి రేవులో ఒక్కతే ఉంది. పట్నంలో నేర్చుకుని వచ్చి ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్న మాణిక్యం. ఆ మాణిక్యం పరశయ్య కూతురు.

"ఆ ఇంటి పిల్లా?" అన్నాడు కొర్లయ్య.

"పని వచ్చినది ఆ పిల్లకే కదా పెద్దయ్యా," అన్నాడు రేవు గుమస్తా ఎర్రన్న.

"అదే నా భయం. పని రాకపోతే ఏం చెయ్యగలదు? వచ్చింది కాబట్టే ఏదైనా చేస్తుంది."

అయినా మిగతా వాళ్ళందరూ సరే అన్నారు. మాణిక్యం పని మొదలుపెట్టింది.

పేజీ తయారయ్యాక సంఘం ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి చూపించింది. ఒక్కో పడవకి ఒక్కో గడి. పడవ సముద్రం మీద ఉంటే గడి ఎర్రగా ఉంటుంది. ఒడ్డుకి రాగానే ఎర్రన్న ఆ గడి మీద వేలు పెడతాడు. గడి మెల్లగా పచ్చబడుతుంది. చూస్తున్నవాళ్ళు "బాగుందే!" అన్నారు. ఒకాయన లేచి తన పడవ గడి మీద తానే వేలు పెట్టి చూసుకుని మురిసిపోయాడు.

కొర్లయ్య ఆలస్యంగా వచ్చాడు. ఆలస్యంగా వస్తే తన వెనక ఏం మాట్లాడుతున్నారో వినొచ్చని ఆయన లెక్క. గుమ్మంలో నిలబడి, నుదుటి మీద చెయ్యి అడ్డుపెట్టుకుని టీవీ చూశాడు.

"నాకు మూడు పడవలున్నాయి. ఇక్కడ రెండే ఉన్నాయేం?"

"పోలయ్యన్న పడవ మరమ్మతులో ఉంది కదా పెద్నాన్నా," అంది మాణిక్యం. "మరమ్మతులో ఉన్న పడవలు కనిపిస్తే వెతికేవాళ్ళు గందరగోళపడతారు. అందుకని దాచాను."

"దాచావా! విన్నారా? తన నోటితోనే ఒప్పుకుంది!"

అందరూ నవ్వారు. కొర్లయ్య నవ్వలేదు. మాణిక్యం కూడా నవ్వు ఆపుకుని ఏదో నొక్కింది. మూడో గడి మెల్లగా తేలి వచ్చింది. "చూడండి, ఉంది. దాచడమంటే తీసెయ్యడం కాదు. తెర మీద కనిపించదు, అంతే. లోపల అలాగే ఉంటుంది."

"లోపలా? ఆ లోపల ఏముందో చూపించు."

"లోపల చూసి ఏం చేస్తారు పెద్నాన్నా?"

"చూపించడానికి నీకేం అడ్డు?"

మాణిక్యం కోడ్ తెరిచింది. కొర్లయ్య టీవీకి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళాడు. ఆయనకి అందులో ఒక్క మాటా తెలీదు. కానీ ఒక గుర్తు మాత్రం తెలుసు. రొయ్యలు పై దేశాలకి పంపే అట్టపెట్టెల మీద ఆ గుర్తు ఎన్నోసార్లు చూశాడు. అది ఇక్కడ వరస వరసకీ ఉంది.

"ఇది డాలరు కాదూ?"

"అవును, కానీ ఇక్కడ అది..."

"నా పడవల పక్కన డాలరు ఎందుకు? ఎవడికి బేరం పెట్టావు?"

"అయ్యో, బేరం కాదు పెద్నాన్నా! ఇది జేక్వెరీ అని ఒక సరంజామా. మీ దగ్గర సుత్తి, ఉలి, సూది ఒక పెట్టెలో ఉండవూ, అలాంటిది. పేజీలో ఉన్నవాటికి రంగు మార్చడానికి, దాచడానికి, చూపించడానికి కావలసినవన్నీ ఎవరో ముందే రాసి పెట్టారు. ఆ సరంజామాని పిలవడానికి ఈ గుర్తు వాడతాం. దీనికీ డబ్బుకీ సంబంధం లేదు."

"రాసినాయనకి ఎంతిచ్చావు?"

"ఏమీ లేదు. అందరూ వాడుకోమని ఊరికే ఇచ్చారు."

"ఊరికేనా!" కొర్లయ్య అందరి వైపూ తిరిగాడు. "ఎవడో ఊరూ పేరూ తెలియనివాడు కష్టపడి రాసి, ఊరికే ఇచ్చాడంట. వాడికి పెళ్ళాంబిడ్డలు లేరా? వాడు బువ్వ తినడా?"

దీనికి మాణిక్యం దగ్గర సమాధానం ఉంది. కానీ అది చెప్పాలంటే చాలాసేపు పడుతుంది. ఆమె ఊరుకుని, అసలు విషయం చెప్పింది. "చాలా తేలిక పెద్నాన్నా. గుర్తు పక్కన ఎవరిని పిలుస్తున్నామో రాస్తాం. ఆ పక్కన ఏం చెయ్యాలో రాస్తాం. ఫలానా గడీ, పచ్చబడు. అంతే. పచ్చబడుతుంది."

కొర్లయ్య తన తల్లి పేరు ఉన్న వరసలు వెతికి పట్టుకున్నాడు. ఆ పేరు పక్కన, మూడు చోట్లా, ఏవో వేరే అక్షరాలు, అంకెలు ఉన్నాయి. ఒకదానిలా ఇంకోటి లేదు.

"మా అమ్మ పేరుకి ఈ తోక ఏటి?"

"అది ఒక్కో పడవకి విడిగా పెట్టిన గుర్తు. మూడింటికీ ఒకటే పేరు కదా. పేరుతో పిలిస్తే మూడూ పలుకుతాయి. ఈ గుర్తుతో పిలిస్తే ఆ ఒక్కటే పలుకుతుంది."

"మరి ఆ గడుల మీద కనిపించదేం?"

"కనిపించక్కర్లేదు. అది పనికోసం లోపల ఉండేది."

ఇక్కడ కొర్లయ్య లెక్క వేసుకున్నాడు. ఎవరికీ కనిపించని గుర్తు. దానితో తన కొడుకుల పడవల్లో ఏ ఒక్కదాన్నైనా విడిగా పిలవొచ్చు. పిలిచేది పరశయ్య కూతురు. ఈ రోజు పిలుస్తుంది. రేపు ఎక్కడున్నావని అడుగుతుంది. ఎల్లుండి పరశయ్య పడవ తన రాళ్ళ చోటు మీద వల వేస్తుంది. ఆయనకి సంగతంతా అర్థమైపోయినట్టు అనిపించింది. అర్థమైనదేమీ లేదు. అడిగితే సముద్రం మీద ఎవరు ఎక్కడున్నారో ఆ గుర్తు చూపించదని మాణిక్యం చెప్పేది. ఆయన అడగలేదు. అనుమానం వచ్చినవాడు అడిగే మనిషి కాదు, తేల్చే మనిషి.

"ఆ తోకలు తీసెయ్యి," అన్నాడు.

"తీస్తే కుదరదు పెద్నాన్నా."

"నా పడవలు. నా తల్లి పేరు. పేరు పెట్టి పిలిస్తే పిలు, లేకపోతే నా పడవలు నీ పేజీలో వద్దు. నా పడవలు లేని పేజీకి సంఘం డబ్బులివ్వదు."

సంఘం వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎర్రన్న గోడ గడియారం చూశాడు.

మాణిక్యానికి ఒళ్ళు మండింది. ఆమెకీ తండ్రి పౌరుషం ఉంది. "సరే! పేరుతోనే పిలుస్తాను. మూడూ కలిసే పలుకుతాయి మరి. తర్వాత నన్ను అనకండి."

"పలకనీ! ఒక తల్లి పేరు పెట్టుకున్న పడవలు కలిసి పలక్క విడిగా పలుకుతాయా? అదే నాకు కావాలి," అన్నాడు కొర్లయ్య మీసం దువ్వుకుంటూ.

ఇందులో మాణిక్యం తప్పు కూడా ఉంది. ఒకటి వస్తే మూడూ వచ్చినట్టు చూపిస్తుంది, అది ప్రమాదం అని ఆమె విడమరిచి చెప్పాలి. ఆమె చెప్పింది దెప్పినట్టు చెప్పింది. ఆయన విన్నది గెలిచినట్టు విన్నాడు. ఆ సాయంత్రమే ఆమె మూడు పడవల గుర్తులూ తీసేసి, పేరు ఒక్కటే ఉంచింది.

మొదట్లో ఏ ఇబ్బందీ రాలేదు. పోలయ్య పడవ మరమ్మతు అయిపోయింది. ముగ్గురన్నదమ్ములూ కలిసే వేటకి వెళ్ళేవారు, కలిసే వచ్చేవారు. ఎర్రన్న ఒక గడి మీద వేలు పెట్టగానే మూడు బంగారమ్మలూ ఒక్కసారే పచ్చబడేవి. కొర్లయ్య టీవీ కింద బల్ల వేసుకుని కూర్చుని ఆ పచ్చదనం చూసి పొంగిపోయేవాడు. ఎర్రన్న మూడు గడులూ చకచకా నొక్కుతున్నాడనే ఆయన అనుకునేవాడు. అదెలా జరుగుతోందో ఎవరినీ అడగలేదు. తన మాట నెగ్గింది, అది చాలు ఆయనకి.

ఒకరోజు వేకువనే ముగ్గురూ బయలుదేరుతుంటే కొర్లయ్య దాసుని పక్కకి పిలిచాడు.

"అన్నలు దక్షిణం పోతారు. నువ్వు మన చోటుకి పో. కొన్నాళ్ళుగా ఎవరమూ పోలేదు, చేప నిండి ఉంటుంది. అటు పోతున్నట్టు ఎవరికీ చెప్పకు."

"అన్నలకీ చెప్పొద్దా?"

"గట్టు మీద చెప్పకు. గట్టుకి చెవులుంటాయి."

దాసు నవ్వి పడవ ఎక్కాడు. అన్నల పడవలు మలుపు తిరిగాక తన పడవ ఉత్తరానికి తిప్పాడు.

మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి గాలి లేచింది. పొద్దున ఎవరూ అనుకోని గాలి అది. అందరి ఫోన్లకీ హెచ్చరిక వచ్చింది. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర కెరటాలు గోడల్లా లేస్తున్నాయి. పడవలు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ లోపలికి వస్తున్నాయి. ఎర్రన్న కిటికీ దగ్గర నిలబడి వచ్చిన పడవని చూడడం, గడి నొక్కడం, మళ్ళీ చూడడం. ఊపిరి తిప్పుకోవడానికి లేదు. ఎల్లాజీ పడవ మొగ దాటింది. "బంగారమ్మ వచ్చింది," అనుకుంటూ ఎర్రన్న నొక్కాడు. మూడు గడులూ పచ్చబడ్డాయి. రోజూ అలాగే అవుతుంది కదా, ఆయన కన్ను దాని మీద నిలవలేదు.

ఎల్లాజీ ఒడ్డు చేరగానే ఫోను చూశాడు. తమ్ముళ్ళిద్దరి గడులూ పచ్చగా ఉన్నాయి. "అమ్మయ్య, నాకంటే ముందే వచ్చేశారు," అనుకుని, మొగలో ఇరుక్కున్న వేరేవాళ్ళ పడవని లాగడానికి పరుగెత్తాడు. కాసేపటికి పోలయ్య వచ్చాడు. అతనూ అదే చూశాడు, అదే అనుకున్నాడు.

ఉత్తరం వైపు నుంచి వస్తున్న గస్తీ పడవ వాళ్ళు పేజీ చూశారు. ఎర్ర గడులు కొన్నే మిగిలాయి. అవన్నీ దక్షిణం వైపు వెళ్ళిన పడవలవి. గస్తీ పడవ దక్షిణానికి వెళ్ళిపోయింది.

కొర్లయ్య టీవీ కింద తన బల్ల మీదే కూర్చుని ఉన్నాడు. గాలి లేచినప్పటి నుంచీ ఆయన కళ్ళు మూడు గడుల మీదే ఉన్నాయి. పచ్చబడగానే పెద్దగా ఊపిరి వదిలి, మంచినీళ్ళు తాగాడు. చిన్నకోడలు నీలవేణి ఆదరాబాదరాగా వచ్చింది.

"మావయ్యా, ఆయనకి ఫోను కలవట్లేదు."

"కంగారు పడకు తల్లీ. చూడు, పచ్చగా ఉంది. లంగరు వేస్తుంటాడు."

నీలవేణి టీవీ వైపు చూసింది. మనసు ఒప్పలేదు. పడవల వరస దగ్గరికి తానే వెళ్ళింది.

అప్పుడే మాణిక్యం ఐసు ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయింది, చెప్పులు చేతిలో ఉన్నాయి. కంప్యూటర్ దగ్గరికి వెళ్ళబోతూ అంది, "ఎర్రన్న బాబాయ్! ఎల్లాజన్న పడవ ఒక్కటి వచ్చినప్పుడే మూడూ పచ్చబడ్డాయి. నేను ఫ్యాక్టరీ కిటికీలోంచి రేవునీ, ఫోనులో పేజీనీ చూశాను. పోలయ్యన్న తర్వాత వచ్చాడు. దాసు వచ్చాడా?"

"వచ్చినట్టే ఉందే అమ్మా, పచ్చగా..."

"ఆ పచ్చని నమ్మకండి! నేను దాసు పడవకి విడిగా గుర్తు పెట్టి ఎర్రగా మారుస్తాను. క్షణంలో పని. గస్తీ వాళ్ళకి తెలియాలి. పెద్నాన్నా, దాసు ఎటు వెళ్ళాడు?"

కొర్లయ్య లేచి కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటన్నావు?"

"దాసు ఎటు వెళ్ళాడో చెప్పండి. ఉత్తరమా, దక్షిణమా?"

"ఓహో! ఇదా సంగతి!" ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. "నా పచ్చని గడిని ఎర్రగా చేస్తావు. నేను భయపడి నా చోటు చెబుతాను. అంతేనా? మీ నాన్న ఎక్కడ? గుమ్మం బయట వింటున్నాడా?"

నిజంగానే పరశయ్య గుమ్మం బయట ఉన్నాడు. కూతురు పరుగెత్తడం చూసి వెనకే వచ్చాడు. కొర్లయ్యకి ఇంకేం కావాలి?

"అదిగో! చెప్పలేదూ! ఇన్నాళ్ళకి దొరికారు తండ్రీకూతుళ్ళు!"

"కొర్లయ్యా, నీ చోటు నాకొద్దు. ముందు పిల్లాడు ఒడ్డున ఉన్నాడో లేడో చూసుకో," అన్నాడు పరశయ్య.

"నా పిల్లాడి సంగతి నువ్వు చెప్పేదేటి? పచ్చగా ఉంది. నా కళ్ళున్నాయి."

"అది నేను చేసిన తప్పు పచ్చ!" మాణిక్యం ఆయన ముందు చేతులు జోడించింది. "కోపంలో సరిగ్గా చెప్పకుండా చేశాను. ఒకటి వస్తే మూడూ పచ్చబడతాయి. ఎన్ని వచ్చాయో ఆ పేజీకి తెలీదు పెద్నాన్నా! జరగండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"గాలివేళ నా బిడ్డ పడవ మీద ఎరుపు వెయ్యనివ్వను. నేను చచ్చాక వేసుకో."

ఎర్రన్న బతిమాలాడు. ఇంకెవరో భుజం పట్టుకుని జరపబోతే కొర్లయ్య విదిలించేశాడు. అలా నిలబడే ఉన్నాడు. బయట గాలి రేకులని పీకుతోంది. మాణిక్యం అరుస్తోంది, ఆయన కదలడం లేదు. తనని మోసం చెయ్యడానికి ఇంతమంది ఇంత కష్టపడుతున్నారంటే తన చోటు ఎంత విలువైనదో అని ఆ సమయంలో కూడా ఆయనకి లోలోపల గర్వంగానే ఉంది.

నీలవేణి గుమ్మంలోకి వచ్చింది. చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎల్లాజీ, పోలయ్య ఆమె వెనకే ఉన్నారు.

"రేవు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాం మావయ్యా," అంది. "ఆయన పడవ లేదు."

"దాసు ముందే వచ్చాడనుకున్నాను నాన్నా," అన్నాడు ఎల్లాజీ. "ఫోనులో పచ్చగా ఉంది."

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు పోలయ్య.

కొర్లయ్య వెనక్కి తిరిగి టీవీ చూశాడు. మూడు బంగారమ్మలూ పచ్చగా, చక్కగా, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. కంప్యూటర్ బల్ల పట్టుకుని పక్కకి జరిగాడు.

మాణిక్యం కూర్చుని చకచకా రాసింది. దాసు పడవ గడి ఎర్రబడింది. ఎర్రన్న గస్తీ వాళ్ళకి ఫోను కలిపాడు. వాళ్ళు దక్షిణాన చాలా దూరంలో ఉన్నారు. వెనక్కి తిప్పుతాం, ఎటు వెళ్ళాలో చెప్పండి అన్నారు. ఎర్రన్న ఫోను చేతిలో పట్టుకుని కొర్లయ్య వైపు చూశాడు. అందరూ ఆయన వైపే చూశారు. పరశయ్య మాత్రం చెవులు రెండూ అరచేతులతో మూసుకుని గోడ వైపు తిరిగాడు.

కొర్లయ్య చెప్పాడు. ఏ గుట్టని కుడి భుజానికి పెట్టుకోవాలో, ఏ గుడి శిఖరం ఏ తాడిచెట్ల మధ్యకి వచ్చినప్పుడు ఆగాలో, రాళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో, బతుకంతా దాచిన మాటలన్నీ అందరి ముందూ గట్టిగా, ఒక్కటి వదలకుండా చెప్పాడు. గస్తీ వాళ్ళ కోసం మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

పొద్దు వాలే వేళకి గస్తీ పడవ అక్కడికి చేరింది. దాసు పడవ బోర్లాపడి రాళ్ళకి కొట్టుకుంటోంది. దాసు, అతనితో వెళ్ళినవాళ్ళు దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. అందరూ బతికారు. కానీ దాసు, తన వాళ్ళు కొట్టుకుపోకుండా ఒక తాడు పడవకి కట్టి, దాని కొస తన కుడిచేతికి చుట్టుకుని పట్టుకున్నాడు. కెరటం లాగినప్పుడల్లా తాడు బిగుసుకుంది. ఒడ్డుకి తెచ్చేసరికి ఆ చెయ్యి నల్లబడిపోయింది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే చెయ్యి బాగయ్యేదని ఆసుపత్రిలో చెప్పారు. ఇక ఆ చేత్తో వల లాగలేడు. చొక్కా బొత్తాం కూడా పెట్టుకోలేడు. పడవ ముక్కలు మర్నాడు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి.

దాసుకి మాట వచ్చాక కొర్లయ్య మంచం పక్కన కూర్చున్నాడు. నీలవేణి గంజి తాగిస్తోంది.

"నాన్నా, ఒకటి అడగనా?" అన్నాడు దాసు. "పడవ తిరగబడ్డాక దూరంగా గస్తీ పడవ కనిపించింది. అందరం అరిచాం. చొక్కాలు విప్పి ఊపాం. మా కోసమే వచ్చారనుకున్నాం. కానీ వాళ్ళు అలా దక్షిణానికి వెళ్ళిపోయారు. మేం బయట ఉన్నట్టు వాళ్ళకి తెలీదా?"

"తెలీదు," అన్నాడు కొర్లయ్య.

"పేజీ ఉంది కదా?"

"ఉంది. నీ పడవని విడిగా పిలవడానికి ఆ పిల్ల ఒక గుర్తు పెట్టింది. నేనే తీయించాను. తర్వాత మళ్ళీ పెడతానని వస్తే అడ్డం నిలబడ్డాను."

"ఎందుకు నాన్నా?"

కొర్లయ్య కొడుకు కట్టు కట్టిన చేతిని చూశాడు.

"ఆ గుర్తు ఏమిటో నాకు తెలీదు రా," అన్నాడు. "తెలీదని చెప్పి అడగడానికి సిగ్గుపడ్డాను."

మనకి అర్థం కాని పనిని చూసినప్పుడు నోరు తెరిచి అడిగి తెలుసుకోవాలి. అడగకుండా అనుమానంతో, పాత పగతో దానికి అడ్డం నిలబడితే, ఆ నష్టం ఎదుటివాడికి కాదు, మన సొంత బిడ్డలకే తగులుతుంది.